రామప్ప లింక్ పంపితే పర్సెంట్ గుర్తులు వస్తున్నాయి, ఇది వైరసా?

చౌరస్తా జిరాక్స్:
హన్మకొండలో చిన్న నెట్ సెంటర్ నడుపుతా. నిన్న ఒక టీచరమ్మ తెలుగు వికీపీడియాలో రామప్ప గుడి పేజీ తీయించుకుని లింక్ వాట్సాప్ చేయమంది. అడ్రస్ బార్‌లో తెలుగులో చక్కగా ఉన్నది కాస్తా కాపీ చేసి పంపితే %ఈ0%బీ0%బీ0 అంటూ మూరెడు పొడుగైంది. ఆమె వైరస్ అనుకుని నొక్కనే లేదు. మా మేనమామేమో పోయిన వారం బ్యాంక్ పేరుతో మొదలైన లింక్ చూసి, పేరు సరిగ్గానే ఉంది కదా అని పాస్‌వర్డ్ కొట్టేశాడు. వికారంగా ఉన్నది మంచిది, నీటుగా ఉన్నది దొంగది అయితే ఇక దేన్ని చూడాలి? బ్రౌజర్ ఉన్నది ఉన్నట్టు ఎందుకు చూపించదు?

కాజీపేట జంక్షన్:
టీచరమ్మ లింక్‌కు ఏ రోగమూ లేదన్నా. అడ్రస్‌లో ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులే నేరుగా పోతాయి. యూటీఎఫ్-8 అని అక్షరాలను కంప్యూటర్ అంకెలుగా మార్చే పద్ధతి, అందులో మన అక్షరానికి 3 బైట్లు, ఒక్కో బైటుకు ఒక పర్సెంట్ గుర్తు, దాని వెనుక రెండు అక్షరాలో అంకెలో, అంటే మన ఒక్కో అక్షరానికి తొమ్మిది. రామప్పలో ర, దీర్ఘం, మ, ప, పొల్లు, మళ్లీ ప, మొత్తం 6. ఆరు తొమ్మిదులు 54! మనం చదవడానికి బ్రౌజర్ దాన్ని విప్పి చూపిస్తది, కాపీ చేస్తే మళ్లీ మూట కట్టి ఇస్తది.
మామ లింక్‌లో @ ఉందేమో చూడు. దాని ముందున్నదంతా యూజర్ పేరు కింద లెక్క, అసలు పోయేది వెనకున్న చోటికి. @ కనిపిస్తే నొక్కొద్దు.

పాత మౌస్:
అట్లా అంటే యూట్యూబ్ ఛానళ్లు కూడా బంద్ చేయాలి, వాటి లింకుల్లోనూ @ ఉంటది. మొదటి రెండు స్లాష్‌ల తర్వాత నుంచి వచ్చే స్లాష్ దాకా ఉన్నదే సైట్ పేరు, @ ఆ ముక్కలో ఉంటేనే అనుమానం. పేరును కుడి నుంచి ఎడమకు చదవండి, అసలు సైట్ ఎవరిదో కుడి చివరే తెలుస్తది.
పేరు కూడా మోసం చేయొచ్చు. 2017లో ఒకాయన ఆపిల్ పేరును మొత్తం రష్యన్ లిపి అక్షరాలతో రాసి చూపించాడు, క్రోమ్‌లో అచ్చం అసలు దానిలాగే కనిపించింది, క్రోమ్ 58లో సరిచేశారు. ఇప్పుడు అలాంటివి చాలావరకు ఎక్స్‌ఎన్-- అని మొదలయ్యే గజిబిజిగా కనిపిస్తాయి. మన సున్నా కూడా ఇంగ్లీష్ ఓ లాగే ఉంటది కదా, అందుకే తెలుగు, ఇంగ్లీష్ కలిపి రాసిన పేరును క్రోమ్ అట్లా గజిబిజిగానే చూపిస్తది. ఉన్నది ఉన్నట్టు చూపించమన్నారు కదా, అదే ఇది.

ఏనుమాముల కోడర్:
బ్రౌజర్‌ను తిట్టే ముందు నా కథ వినండి. మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణానికి మిర్చి ధరల సైట్ చేసిచ్చా. తేజ అని తెలుగులో వెతికితే ఒక్కోసారి పర్సెంట్లు వస్తున్నాయని పీహెచ్‌పీలో (సైట్ రాసే ప్రోగ్రామింగ్ భాష) ఇంకోసారి డీకోడ్ పెట్టా, అంటే పర్సెంట్లను విప్పి అక్షరాలు చేసే లైను, అది కూడా కొటేషన్ గుర్తులు తీసేసే లైను కింద. వచ్చిన విలువ అప్పటికే ఒకసారి డీకోడ్ అయి ఉంటదని తెలియదు. కొటేషన్ అంటే %27. దాన్ని %2527 అని పంపితే మొదటిసారి విప్పినప్పుడు %27 అవుతది, నా వడపోతకు అందులో కొటేషన్ కనిపించదు, రెండోసారి విప్పగానే బయటపడి, దాని వెనుక రాసిన దొంగ ఆదేశంతో సహా నేరుగా డేటాబేస్‌లోకి పోతది. ఎవడో టేబుల్ మొత్తం లాగేశాడు. ఒక్క లైను! క్వెరీలో, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలో, పేరును అతికించకుండా విడిగా పంపే ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ వాడి ఉంటే ఇంత టెన్షన్ ఉండేదే కాదు. 2001లో నిమ్డా వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) మైక్రోసాఫ్ట్ ఐఐఎస్ అనే వెబ్ సర్వర్లలోకి దూరిన దారుల్లో ఈ రెండుసార్లు విప్పడం కూడా ఒకటి, అంటే పాత జబ్బే.

చౌరస్తా జిరాక్స్:
మామ ఫోన్ తెప్పించి చూశా. @ లేదు, రష్యన్ లేదు. ముందు బ్యాంక్ పేరు, ఒక చుక్క, దాని తర్వాత నోరు తిరగని వేరే పేరు, అంతే. కుడి నుంచి చదివితే రెండు సెకన్లలో దొరికిపోయింది. పాస్‌వర్డ్ మార్పించి బ్యాంక్‌కు ఫోన్ కొట్టించా. టీచరమ్మకు ఎంత చెప్పినా నమ్మలేదు, చివరికి పేజీ ప్రింట్ తీసిచ్చా.