కంపాలాలో టీచర్ ఎడ్యుకేషన్ కాన్ఫరెన్స్‌కి వెళ్తున్నా, అటువైపు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

డైట్_అనంతపురం:
అందరికీ నమస్తే. నేను డైట్‌లో, అంటే జిల్లా టీచర్ ట్రైనింగ్ కాలేజీలో, తెలుగు ఎలా బోధించాలో (మెథడాలజీ) చెప్తాను. ఉగాండాలో జరిగే టీచర్ ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ కాన్ఫరెన్స్‌కి నా పేపర్ సెలెక్ట్ అయ్యింది, పదిహేను నిమిషాలు మాట్లాడాలి. మా ఛాత్రోపాధ్యాయులు తండా బడులకి టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్తారు కదా, అక్కడ ఒకటో తరగతి పాప నీళ్ల బొమ్మ చూసి తన లంబాడీ భాషలో "పాణి" అంటే మావాళ్లు "తప్పు, నీళ్లు అనాలి" అంటారు, ఆ పాప మళ్లీ నోరు విప్పదు. దీన్ని మార్చడానికి రెండేళ్లుగా చేస్తున్న పని గురించే పేపర్. విదేశం వెళ్లడానికి డిపార్ట్‌మెంట్ అనుమతి (ఎన్‌ఓసీ) కోసం ఫైల్ పెట్టాను. మొదటిసారి దేశం దాటడం, టీకాలు వీసా ఏమీ తెలీదు. అసలు భయం అది కాదు, మన తండా బడి సంగతి అక్కడివాళ్లకి ఏం పడుతుంది అని.

హైదరాబాదీ_72:
మేడమ్, ముందు ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, వేయించుకున్న పది రోజులకి గానీ సర్టిఫికెట్ చెల్లదు కాబట్టి చివరిదాకా ఆగకండి. ఆ సర్టిఫికెట్టే పసుపు కార్డు, అక్కడ దిగగానే అడుగుతారు, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు, లేకపోతే ఆరు రోజులదాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. వీసా ఆన్‌లైన్‌లోనే. ఫ్లైట్ ఎంటెబ్బేలో దిగుతుంది, కంపాలా అక్కడినుంచి దాదాపు 40 కిలోమీటర్లు, రాత్రిపూట దిగితే కార్ పంపమని ఆర్గనైజర్లకి ముందే మెయిల్ పెట్టండి. మన ప్లగ్గు పట్టదు, అడాప్టర్ తీసుకెళ్లండి.

బడిబాట:
మీ భయానికి నేను జవాబు చెప్తా. ఉగాండాలో 2007 నుంచి మొదటి మూడు తరగతులు స్థానిక భాషలో చెప్పాలని పాలసీ, నాలుగో తరగతిలో ఇంగ్లీష్‌కి మారతారు. రాజధానిలాంటి చోట ఒకే క్లాసులో నాలుగైదు భాషల పిల్లలుంటే ఏ భాషలో చెప్పాలన్నది అక్కడి టీచర్లకి రోజూ ఎదురయ్యే ప్రశ్న. నేను వెళ్లినప్పుడు కాన్ఫరెన్స్ మధ్యలో ఒక పూట ఊరి బయట బడికి తీసుకెళ్లారు. చార్టులు బియ్యం గోతాలు కోసి వాటి మీద రంగులతో వేసినవి, వానకి తడిసినా చిరగవు. కుండ బొమ్మ కింద అమజ్జి అని రాసుంది, అక్కడి లుగాండా భాషలో నీళ్లన్నమాట. పిల్లలంతా ఒక్క గొంతుతో చదివారు. మీ "పాణి" సంగతి అక్కడ చెప్పి చూడండి, రూమంతా మీతో మాట్లాడుతుంది. స్లయిడ్లలో థియరీ తగ్గించండి, ఆ పాప దగ్గర మొదలుపెట్టండి.

ఎంఈడీ_ఓయూ:
ఇంకోటి మేడమ్, ఉవెజో అనే సర్వే గురించి చదివి వెళ్లండి. మన దేశంలో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పిల్లల చదువు మీద చేసే అసర్ సర్వే చూసి కెన్యా, టాంజానియా, ఉగాండాల్లో 2009లో మొదలుపెట్టారు, ఇంటింటికీ వెళ్లి పిల్లలతో చదివించి చూస్తారు. ఉవెజో అంటే అక్కడి కిస్వాహిలీ భాషలో సామర్థ్యం అని అర్థం. ఇక్కడ అసర్ తెలిసినవాళ్లకి అక్కడ మాట కలపడం సులువు.

డైట్_అనంతపురం:
అందరికీ చాలా థాంక్స్. సోమవారమే నారాయణగూడ వెళ్తున్నా. బడిబాట గారూ, మొదటి నాలుగు స్లయిడ్లు తీసేశాను, ఇప్పుడు ఆ పాప గీసిన బిందె బొమ్మతో మొదలవుతుంది. గోతం చార్టుకి ఏ రంగులు వాడారో గుర్తుంటే చెప్పండి, మావాళ్లతో ఈ వారమే చేయిస్తా.