బిస్మత్ టెల్యురైడ్‌లో డోపెంట్ కలపకుండానే ఎలక్ట్రాన్లు పెరిగితే ముందు అయోడినా, అనీలింగా?

ప్రశ్న:

నమస్కారం. ఉష్ణోగ్రతా తేడాను విద్యుత్తుగా మార్చే బిస్మత్ టెల్యురైడ్‌లో టెల్యూరియం పదో వంతు తగ్గించి ఆ మేరకు సెలీనియం వేసిన ఎన్-రకం (ఎలక్ట్రాన్లు విద్యుత్తును మోసే) మిశ్రమాన్ని క్వార్ట్జ్ గొట్టంలో కరిగించి, ఆ కడ్డీని బాల్ మిల్లులో పొడి చేసి, స్పార్క్ ప్లాస్మా సింటరింగ్‌తో (విద్యుత్తుతో వేడిచేస్తూ ఒత్తే పద్ధతితో) పెల్లెట్లు తయారు చేస్తున్నాను. డోపెంట్ (ఎలక్ట్రాన్ల సంఖ్యను మార్చేందుకు కొద్దిగా కలిపే మూలకం) ఏదీ వేయలేదు. అయినా పొడి ఎంత సన్నబడితే విద్యుద్వాహకత అంతగా పెరుగుతోంది, సీబెక్ గుణకం (ఒక్కో డిగ్రీ తేడాకు పుట్టే వోల్టేజీ) అంతగా పడిపోతోంది. అయోడిన్ వేయమని ఒకరు, అనీలింగ్ (పెల్లెట్‌ను చాలాసేపు వేడిలో ఉంచడం) చేయమని మరొకరు చెబుతున్నారు. ముందు ఏది చేయడం సరైనది?

మొదటి సమాధానం:

అయోడిన్ ఇప్పుడు వేయకండి. అది టెల్యూరియం స్థానంలో కూర్చుని ఒక్కో పరమాణువుకు ఒక్కో ఎలక్ట్రాన్ ఇస్తుంది. మీ పెల్లెట్లలో ఇప్పటికే ఎలక్ట్రాన్లు ఎక్కువయ్యాయి. కరిగించిన కడ్డీలో కొన్ని బిస్మత్ పరమాణువులు టెల్యూరియం స్థానాల్లో ఉంటాయి. మిల్లులో గుళ్లు కొట్టే దెబ్బలకు బిస్మత్, టెల్యూరియం స్థానాలు రెండింటిలోనూ ఖాళీలు ఏర్పడినప్పుడు, ఆ దారితప్పిన బిస్మత్ తన సొంత ఖాళీలోకి వెళ్లిపోయి, వెనుక అదనంగా ఒక టెల్యూరియం ఖాళీని వదులుతుంది. అలాంటి ప్రతి ఖాళీ రెండు ఎలక్ట్రాన్లను ఇస్తుంది. దీన్నే దాత-సదృశ ప్రభావం అంటారు. పొడి గాలికి తగిలితే పట్టే ఆక్సిజన్ కూడా ఇదే దిశలో పనిచేస్తుంది కాబట్టి, పొడిని గ్లవ్ బాక్స్‌లోనే డైలోకి నింపుతున్నారో లేదో చూసుకోండి.

పీ-రకం (రంధ్రాలు, అంటే ఎలక్ట్రాన్ లేని ఖాళీలు విద్యుత్తును మోసే) బిస్మత్ ఆంటిమొని టెల్యురైడ్‌ను మిల్లులో నలిపి, వేడిగా ఒత్తి, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద జెడ్‌టీ (పదార్థం ఎంత సమర్థంగా వేడిని విద్యుత్తుగా మారుస్తుందో చెప్పే సూచిక) 1.4 సాధించినట్టు 2008లో ప్రచురితమైంది. అదే దారిలో ఎన్-రకం అంత తేలికగా ముందుకు రాకపోవడానికి ఈ అదుపులేని ఎలక్ట్రాన్లు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

రెండో సమాధానం:

పై మాటతో ఏకీభవిస్తున్నాను. ఈ పదార్థంలో వేడి చేయడమంటే రేణువులను సరిచేయడం మాత్రమే కాదు, అది కూడా ఒక రకం డోపింగే. పెల్లెట్‌ను శూన్యం చేసి మూసిన గొట్టంలో 350 డిగ్రీల చుట్టుపక్కల చాలా గంటలు ఉంచితే, అదనపు ఖాళీలు క్రమంగా తగ్గి, ఎలక్ట్రాన్ల సంఖ్య దిగివస్తుంది, సీబెక్ గుణకం తిరిగి పెరుగుతుంది. గొట్టం తెరిచి ఉంచితే టెల్యూరియం ఆవిరై కూర్పే మారిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది వేరే మిశ్రమాన్ని.

ఎలక్ట్రాన్లను మరీ తగ్గించడం కూడా మంచిది కాదు. బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా కదలడానికి దాటాల్సిన శక్తి అంతరం) సుమారు 0.15 ఎలక్ట్రాన్ వోల్టులే కాబట్టి, వాహకాలు (విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లు) తక్కువైన నమూనాలో వేడెక్కేకొద్దీ రంధ్రాలు త్వరగా పుట్టుకొచ్చి సీబెక్‌ను దెబ్బతీస్తాయి, ఉష్ణవాహకతను పెంచుతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర శీతలీకరణకు కావాలా, 200 డిగ్రీల దగ్గర విద్యుదుత్పత్తికి కావాలా అన్నది ముందే తేల్చుకోండి. రెండో పనికి వాహకాలు కాస్త ఎక్కువే ఉండాలి.

మూడో సమాధానం:

క్రమం విషయంలో నా సూచన ఇది. డోపెంట్ లేని పెల్లెట్లనే వేర్వేరు కాలాలపాటు అనీల్ చేసి, ప్రతిదానికీ హాల్ కొలత (అయస్కాంత క్షేత్రంలో వాహకాల సంఖ్యను తేల్చే పరీక్ష) తీసుకోండి. వాహక సాంద్రత ఇక మారకుండా నిలిచిన స్థాయి దొరికాక, ఘన సెంటీమీటరుకు కొన్ని 10¹⁹ల మేర ఉండాల్సిన సంఖ్యకు అది తక్కువైతేనే అయోడిన్ అవసరం, ఎంత వేయాలన్నది కూడా ఆ తేడాయే చెబుతుంది.

ఇంకొకటి: ఈ స్ఫటికం పొరలు పొరలుగా ఉంటుంది, ఒత్తిన పెల్లెట్‌లో ఆ పొరలు ఒత్తిడి దిశకు అడ్డంగా వాలతాయి. విద్యుద్వాహకతను పెల్లెట్ తలం వెంట, ఉష్ణవాహకతను లేజర్ ఫ్లాష్‌తో మందం గుండా కొలిచి, రెండింటినీ ఒకే సూత్రంలో వేస్తే జెడ్‌టీ లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. ఎన్-రకంలో ఈ దిశాభేదం పీ-రకంలో కన్నా బలంగా ఉంటుంది. కాబట్టి ఎత్తు ఎక్కువున్న పెల్లెట్ ఒత్తి, దాన్నుంచి కొలతలన్నిటికీ ఒకే దిశలో ముక్కలు కోయించండి.