నగరం పెంచిన జీతాన్ని రాష్ట్రం వెనక్కి లాగొచ్చా? (అమెరికా)

మిస్సోరీ బాటసారి:
మొన్న ఒక మిత్రుడు నాతో వాదించాడు, అమెరికాలో జీతాలు మార్కెట్టే తేలుస్తుంది, రాష్ట్రాలదీ నగరాలదీ నామమాత్రమేనని. నేను ఒప్పుకోలేదు. మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ నగరం సంగతే చూడండి. 2017 మే 5న నగరంలో కనీస వేతనం గంటకి 7.70 నుంచి 10 డాలర్లయింది. ఆగస్టు 28కి మళ్లీ 7.70కి వచ్చేసింది. మధ్యలో మార్కెట్‌కి వచ్చిన రోగమేమీ లేదు. ఏ ఊరూ రాష్ట్రం కంటే ఎక్కువ రేటు పెట్టకూడదని శాసనసభ చట్టం చేసింది, అంతే.

అప్పుడు నేను అక్కడే ఉన్నాను. మా అపార్ట్‌మెంట్ కింద శాండ్‌విచ్ షాపులో రాత్రి షిఫ్టు చేసే ఆవిడ ఫోన్లో లెక్క వేసి చూపించింది. గంటకి 2.30, వారానికి 40 గంటలు, మొత్తం 92 డాలర్లు. "పిల్లాడికి స్కూలు బూట్లు కొన్నాకే తగ్గించారు, అదే అదృష్టం" అని నవ్వింది. అసలు ఈ రేటు పెట్టే అధికారం ఎవరికుండాలి?

కౌంటర్ వెనక:
బాటసారి గారూ, మీ ఆవిడ బాధ నిజమే (షాపు ఆవిడ లెండి, ఇంట్లో ఆవిడ కాదు). నా వైపు కూడా వినండి. అప్పట్లో నాకు మూడు స్టోర్లు. ఒకటి నగరంలో, రెండు కౌంటీలో (మన జిల్లా లాంటిది). బయటివాళ్లకి తెలియదు గానీ సెయింట్ లూయిస్ నగరం వేరు, సెయింట్ లూయిస్ కౌంటీ వేరు. రోడ్డు దాటితే చట్టం మారిపోయేది. ఇవతల 10, అవతల 7.70. పాల ధర మాత్రం రెండు చోట్లా ఒకటే ఉండాలి, లేకపోతే కస్టమర్ రోడ్డు దాటేస్తాడు. ఆదివారం సాయంత్రాలు సిటీ స్టోర్లో ఇద్దరు చేసే పనికి ఒక్కణ్ణే పెట్టి, రెండో మనిషి పని నేనే చేశాను. ఇంకో తమాషా, కౌంటీ స్టోర్ల కుర్రాళ్లు ముగ్గురు "సార్, మమ్మల్ని సిటీకి మార్చండి" అని వెంటపడ్డారు. ఒకే యజమాని, అదే పని, రెండు రేట్లు. రాష్ట్రమంతా ఒకటే రేటు ఉంటే ఈ టెన్షన్ ఉండదు కదా.

లెక్కల పంతులు:
ఈ రోడ్డు దాటే గొడవ మీద పెద్ద పరిశోధనే జరిగింది. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని 4.25 నుంచి 5.05కి పెంచింది, పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. కార్డ్, క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ షాపుల్ని పెంపుకి ముందోసారి, తర్వాతోసారి ఆరా తీశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా దొరకలేదు. న్యూమార్క్, వాషర్ అనే మరో ఇద్దరు ఆర్థికవేత్తలు జీతాల రికార్డులు తెచ్చి కాదన్నారు. ఆ తగవు ఇంకా నడుస్తూనే ఉంది, 2021లో కార్డ్‌కి నోబెల్ వచ్చినా.

'కౌంటర్ వెనక' గారు చెప్పిన గంటల కోత కూడా కట్టుకథ కాదు. సియాటిల్‌లో రేటు 13 డాలర్లకి చేరినప్పుడు చిన్న జీతాల పనుల్లో గంటలు సుమారు 9 శాతం తగ్గాయని 2017లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు తేల్చారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం బృందం రెస్టారెంట్ల వరకు చూసి ఉద్యోగాలేమీ తగ్గలేదంది. కాబట్టి ఎంత పెంచాలి అన్నది వాదించుకోవాల్సిందే. ఎవరు పెంచాలి అన్నది ఇంకో ప్రశ్న, రెంటినీ కలిపేస్తున్నాం.

మిస్సోరీ బాటసారి:
పంతులు గారు బాగా విడదీశారు. 'ఒకటే రేటు' అన్న మాటకి అలబామా చూడండి. 2016 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 10.10 డాలర్లు అంది. అదే నెలలో రాష్ట్రం చట్టం చేసి కొట్టేసింది. అలబామాకి సొంత కనీస వేతన చట్టమే లేదు! మిగిలింది 2009 నుంచి కదలని కేంద్ర రేటు, 7.25. అక్కడ అందరికీ ఒకటే రేటు వచ్చింది, సందేహం లేదు. అడుగున ఉన్న రేటు.

గోడ మీద పిల్లి:
ఊళ్లకే అధికారం ఉండాలంటే ఇళ్ల సంగతేంటి? చాలా ఊళ్లు తమ అధికారం వాడుకుని ఒక స్థలంలో ఒక్క కుటుంబం ఇల్లే కట్టాలని రూల్ పెట్టాయి. అద్దెలు పెరగడానికి అదీ ఒక కారణం. 2019లో ఒరెగాన్ రాష్ట్రం అడ్డొచ్చి, 10,000 జనాభా దాటిన ఊళ్లలో అలాంటి చోట్ల రెండు వాటాల ఇళ్లు కట్టనివ్వాల్సిందే అంది. అప్పుడు రాష్ట్రానికి చప్పట్లు కొట్టింది మనమేగా?

మిస్సోరీ బాటసారి:
దొరికిపోయాను. నేనూ కొట్టాను. అయినా తేడా ఉందనే అంటాను. పేదవాడికి దారి మూస్తుంటే రాష్ట్రం అడ్డుపడొచ్చు. ఇంతకంటే తక్కువ ఇవ్వకు అనొచ్చు. ఇంతకంటే ఎక్కువ ఇప్పించకు అనడానికి కారణం మాత్రం నాకు తోచడం లేదు. ఏది దారి తెరవడం, ఏది మూయడం అని ఎవరు తేలుస్తారంటారా, అక్కడ నా దగ్గర సూత్రమేదీ లేదు.

కౌంటర్ వెనక:
మిస్సోరీలో జనమే తేల్చారు. 2018 నవంబర్‌లో ఈ విషయం నేరుగా జనం ఓటుకి వచ్చింది, మెట్టుమెట్టుగా పెంచి 2023కి 12 డాలర్లు చేయాలని. గెలిచింది. నేనూ అవుననే వేశాను. రోడ్డు అవతల వాడికీ అదే రేటు పడుతుందని తప్ప, దయాగుణంతో కాదు. ఆ తర్వాత సిటీకి మార్చమని మా కుర్రాళ్లెవరూ అడగలేదు.