1856 తోపుడు బళ్ళ ప్రయాణం గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్

అందరికీ నమస్కారం అండి. మేము సాల్ట్ లేక్ సిటీలో ఉంటాం, ఇక్కడ జూలై 24న పెద్ద సెలవు, 1847లో మోర్మన్ల (ఒక క్రైస్తవ శాఖ) నాయకుడు బ్రిగమ్ యంగ్ వాళ్ళు ఈ లోయకి చేరుకున్న రోజు. మా పాప స్కూల్ కోసం అట్టతో చిన్న తోపుడు బండి చేస్తుంటే పక్కన కూర్చుని నేనూ చదవడం మొదలుపెట్టా, ఇంక ఆపలేకపోతున్నా. 1838లో మిస్సోరిలో హాన్స్ మిల్ అనే ఊరి దగ్గర 17 మంది మోర్మన్లని చంపేశారు, అందులో పదేళ్ళ పిల్లాడు కూడా ఉన్నాడండి, అది చదివి చాలాసేపు అలాగే ఉండిపోయా.

నా డౌట్ మాత్రం 1856లో మోర్మన్లు సామాను తోపుడు బళ్ళ మీద లాక్కుంటూ ఈ లోయకి నడిచొచ్చిన ప్రయాణం గురించి. పెద్దవాళ్ళకి మనిషికి 17 పౌండ్ల సామానే, అంటే 8 కేజీలు కూడా కాదు, పక్కబట్టలు గిన్నెలు అన్నీ అందులోనే. పచ్చి చెక్కతో చేసిన బళ్ళు దారిలోనే విరిగిపోయేవి. విల్లీ, మార్టిన్ బృందాలు అయోవా సిటీలో జూలైలో బయల్దేరి ఇప్పటి వ్యోమింగ్‌లో మంచులో చిక్కుకుని 200 మందికి పైగా చనిపోయారు. దారిలో నెబ్రాస్కాలోని ఫ్లోరెన్స్‌లో విల్లీ బృందంలోని లీవై సావేజ్ చలికాలం ఇక్కడే ఆగుదాం అని బతిమాలాడు, ఎక్కువమంది వినకపోయినా వాళ్ళతోనే నడిచాడు.

మరి మిగతావాళ్ళు ఎందుకు వినలేదు? తిండి చాలదనా, డబ్బుల్లేకనా, దేవుడే చూసుకుంటాడనా? అప్పటి డైరీలు చదివినవాళ్ళుంటే చెప్పండి. వ్యోమింగ్‌లో మార్టిన్ బృందం మంచు నుంచి తలదాచుకున్న మార్టిన్స్ కోవ్‌కి చిన్నపిల్లతో వెళ్ళొచ్చా, ఏ నెల బెటర్?