అమ్మ జబ్బు సంగతి బయటపడకుండా ఈ పాట ఎలా రాయాలి?

ప్రశ్న: బెజవాడ బేస్

సత్యనారాయణపురంలో నలుగురం కలిసి నడుపుకునే చిన్న రాక్ బ్యాండ్ మాది. బేస్ గిటార్ నాది, పాటలు కూడా ఎక్కువగా నేనే రాస్తాను. 6 పాటలతో తొలి ఆల్బమ్ చేద్దామని పోయిన దసరాకి మొదలుపెట్టాం. రెండు అయ్యేసరికి అమ్మకి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. 21 రోజులకొకసారి సూర్యారావుపేటలో కీమో, ఇప్పటికి 4 అయ్యాయి.

మిగతా పాటలన్నీ ఆ మంచం పక్కనే పుట్టాయి. మందు ఎక్కించే పంపు అయిపోవస్తే కూస్తుంది కదా, నర్సు వచ్చేలోపు ఆ కూతల మీద ఒక బేస్‌లైన్ కట్టాను. ఇంకోటి దువ్వెన పాట. అమ్మ ఎప్పుడూ రాలిన వెంట్రుకల్ని ఉండచుట్టి గూట్లో కవర్లో దాస్తుంది. జుట్టు కొనే అబ్బాయి వీధిలోకి వస్తే ఇచ్చి స్టీలు సామాను తీసుకుంటుంది. కవరు నిండడానికి ఏడాది పట్టేది. మొదటి కీమో అయిన మూడో వారంలో నాలుగు రోజులకే నిండింది. అప్పుడు కూడా ఉండచుట్టే పెట్టింది.

ఇబ్బంది ఏంటంటే, ఈ సంగతి ఇంట్లోవాళ్లకీ బ్యాండ్‌లో ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదు. చెల్లికి సంబంధాలు చూస్తున్నారు. వంశంలో ఉందంటారని నాన్న భయం. పాట యూట్యూబ్‌లో పెడితే గుణదల పిన్ని మొదటి లైనుకే పట్టేస్తుంది. ఆ లైను తీస్తే పాటే లేదు. నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: గుంటూరు డ్రమ్స్

తమ్ముడూ, మాస్టోడన్ విను. అట్లాంటా బ్యాండ్. వాళ్ల బాసిస్టు ట్రాయ్ శాండర్స్ భార్యకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, గిటారిస్టు బిల్ కెల్లిహర్ తల్లి మెదడులో కణితితో పోయింది. ఆ బాధలోంచి 2017లో ‘ఎంపరర్ ఆఫ్ శాండ్’ వచ్చింది. కథ మాత్రం ఎడారిది. సుల్తాను ఒకడికి మరణశిక్ష వేస్తాడు, వాడు ఇసుకలో పడి తిరుగుతుంటాడు. ఇసుకంటే చేజారుతున్న కాలం. అందులో మొదటి పాట ‘సుల్తాన్స్ కర్స్’కి 2018లో గ్రామీ ఇచ్చారు. నేను చాలాకాలం దాన్ని ఎడారి కథగానే విన్నాను. అసలు సంగతి చదివాక మళ్లీ పెట్టుకుంటే డ్రమ్ స్టిక్స్ పక్కన పెట్టేసి కూర్చుండిపోయాను.

నువ్వూ చోటు మార్చు. పాట నువ్వు కాదు, జుట్టు కొనే అబ్బాయి పాడాలి. ఈ ఇంట్లో ఈసారి ఇంత జుట్టు ఎందుకు ఇచ్చారో వాడికి తెలియదు. తూకం వేసి వెళ్లిపోతాడు.

జవాబు: కొత్తపేట నర్సు

నేను గుంటూరులో కీమో వార్డులో పనిచేస్తాను. నీ పోస్టులో నాన్న భయం ఉంది, పిన్ని ఉంది. అమ్మ ఏమందో లేదు బాబూ. జుట్టు ఆవిడది, ముందు ఆవిడకి వినిపించు. కీమో అయిన వారం వద్దు, ఓపిక ఉండదు. తర్వాతి డోసుకు ముందు కాస్త తేరుకుంటారు, అప్పుడు. నాన్నకి ఇంకోటి చెప్పు: రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి 100కి 5 నుంచి 10 దాకానే. చెల్లి గురించి అనుమానముంటే డాక్టర్నే అడగండి, దాచి కూర్చోవద్దు.

జవాబు: పటమట గిటార్

నేరుగా చెప్పినవాళ్లూ ఉన్నారు. ఈల్స్ అనే అమెరికన్ బ్యాండ్ గాయకుడు మార్క్ ఎవరెట్ అక్క ఆత్మహత్య, తల్లి క్యాన్సర్ గురించి 1998లో ‘ఎలక్ట్రో షాక్ బ్లూస్’ చేశాడు. ఆ ఏడాదే తల్లి కూడా పోయి ఒంటరివాడయ్యాడు. నీ ఇంట్లో ఇంతమంది ఉన్నారు, పెళ్లి కావాల్సిన పిల్ల ఉంది. నాదీ గుంటూరు డ్రమ్స్ అన్నయ్య చెప్పిన మాటే.

బెజవాడ బేస్

అన్నలూ, అక్కా, నిన్న రాత్రి అమ్మకి వినిపించాను. ఆ అబ్బాయి పాడినట్టే మార్చి రాశాను. అమ్మ కళ్లు మూసుకుని మొత్తం విని, మళ్లీ పెట్టమంది. రెండోసారి మధ్యలో ఆపించి, “గిన్నె అని రాశావేంట్రా, వాడు గరిటె ఇచ్చాడు. అదే చారులో వేస్తున్నాను” అంది. పిన్నికి తనే ఫోన్ చేసి చెబుతుందట, నాన్నకి చెప్పొద్దంది.

ఆదివారం రికార్డింగ్. గిన్నెకీ గరిటెకీ మాత్రలు సరిపోయాయి, ట్యూన్ మార్చక్కర్లేదు.