అబ్ధి అంటే నాలుగా, ఏడా? చదరంగం గళ్ల పద్యం మీద చర్చ

ప్రశ్న:
పావులూరి మల్లన పేరు మీద చెప్పుకునే చంపకమాల ఇది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, అక్కణ్ణుంచి గడిగడికీ రెట్టింపు. అరవై నాలుగు గళ్లకూ కలిపి మొత్తం ఎంతో, ఒక్కో అంకెకి ఒక్కో మాట వాడి చెబుతుంది.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు...

సప్తసముద్రాలు కదా, మరి అబ్ధికీ పయోనిధికీ ఏడు వేసుకోవద్దా?

జవాబు:
వద్దండీ, నాలుగే. భూతసంఖ్యల్లో, అంటే అంకెల బదులు వాడే ఇలాంటి మాటల్లో, సముద్రమంటే నాలుగనే ఎక్కువ వాడుక. ‘అంకానాం వామతో గతిః’, అంటే అంకెలు కుడి నుంచి ఎడమకి నడుస్తాయి కాబట్టి శర (5) ఒకట్ల స్థానం, తుహినాంశు (1) ఎడమ కొస. వరసగా పేరిస్తే 18446744073709551615. రెండు ఘాతం 64లోంచి ఒకటి తీసేసినది. నాలుగు నాలుగుసార్లు వస్తే నాలుగు వేర్వేరు మాటలు వాడాడు చూడండి: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. శర మాత్రం రెండుసార్లు పడింది.

ప్రశ్న:
వాడుక సరే మాస్టారూ, లెక్కతో తేల్చలేమా?

జవాబు:
భేషుగ్గా తేల్చొచ్చు. కుడి కొస నుంచి ఒక అంకె కూడుతూ, పక్కది తీసేస్తూ రండి: 5-1+6-1+5-5+9-0... చివరికి 37. దీన్ని పదకొండుతో భాగిస్తే వచ్చే శేషమే అసలు సంఖ్యకీ వస్తుంది: 4. ఇప్పుడు రావలసింది చూద్దాం. రెండు ఘాతం 10 అంటే 1024, శేషం 1. కాబట్టి ఘాతం 60కీ శేషం ఒకటే. మిగిలిన ఘాతం 4 అంటే 16, శేషం 5. ఒకటి తీసేస్తే 4. కుదిరింది. సముద్రాలు రెంటికీ ఏడు వేస్తే 37 కాస్తా 43 అవుతుంది, శేషం 10. కుదరదు.

ఇంకొకరు:
ఈ సంఖ్య కారణాంకాలు కూడా ముచ్చటగా ఉంటాయి: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏడూ ప్రధాన సంఖ్యలే, ఏదీ రెండోసారి రాదు. వీటిలో 641ని పట్టుకున్నది గణితవేత్త ఆయిలర్, 1732లో. రెండు ఘాతం 32కి ఒకటి కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యే అని అంతకుముందు ఫెర్మా అనే గణితవేత్త అనుకున్నాడు. అది 641 × 6700417 అని ఆయిలర్ చూపించాడు. మన గింజల మొత్తంలో అది నిండుగా ఇమిడి ఉంది.

ప్రశ్న:
రంధ్రానికి కొందరు సున్నా కూడా చెబుతారే?

జవాబు:
చెబుతారు. ఇక్కడ మాత్రం నవరంధ్రాలే. అంకెలన్నీ కూడి తొమ్మిదితో భాగించి చూసుకునే అలవాటున్నవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. తొమ్మిది వేస్తే మొత్తం 87, సున్నా వేస్తే 78, రెంటికీ శేషం ఆరే. తప్పు బయటపడదు. పదకొండు లెక్కలో అయితే 37 కాస్తా 28కి దిగి, శేషం 6 వచ్చి దొరికిపోతుంది.