ఆస్టియోసార్కోమాలో (ఎముక క్యాన్సర్) జీఎస్టీ ఎంజైముల జన్యు రిపోర్టు చూసి కీమో మోతాదు మార్చవచ్చా?

ప్రశ్న (క్లినికల్ ఫార్మసిస్ట్)
13 ఏళ్ల అబ్బాయి, తొడ ఎముకలో ఆస్టియోసార్కోమా. ఎంఏపీ అనే మూడు మందుల కీమో మొదలుపెడుతున్నారు: మెథోట్రెక్సేట్ ఒంటి ఉపరితలం చదరపు మీటరుకు 12 గ్రాములు, అదే లెక్కన డాక్సోరూబిసిన్ 75 మి.గ్రా., సిస్‌ప్లాటిన్ 120 మి.గ్రా. బయట చేయించిన రిపోర్టులో జీఎస్టీఎం1 నల్ (ఆ జన్యువు రెండు ప్రతులూ లేవు) అని, జీఎస్టీపీ1లో 105వ స్థానంలో ఒక ప్రతి వాలీన్ (మామూలు ఐసోల్యూసిన్‌కు బదులు) అని ఉంది. ఇవి సిస్‌ప్లాటిన్‌కు గ్లూటాథయాన్ అనే పదార్థాన్ని తగిలించి వదిలించే ఎంజైములే కదా, పని తగ్గితే మందు గట్టిగా పట్టేస్తుందేమో, మోతాదు తగ్గించమంటారా అని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు.

జవాబు (పిల్లల క్యాన్సర్ డాక్టర్)
తగ్గించొద్దండి. కీమో తర్వాత ఆపరేషన్‌లో తీసిన ఎముకలో 90 శాతానికి పైగా కణితి చచ్చి ఉంటే మంచి స్పందన అంటాం. జీఎస్టీపీ1కీ దీనికీ ముడిపెట్టిన అధ్యయనాలు చిన్నవి, ఒకదానితో ఒకటి పొసగవు. పైగా యూరామోస్-1 అనే ట్రయల్‌లో కణితి సరిగా చావనివాళ్లకు ఐఫాస్ఫమైడ్, ఎటోపోసైడ్ కలిపి చూశారు. 2016లో వచ్చిన ఫలితాల్లో దుష్ప్రభావాలు పెరిగాయే తప్ప లాభం లేదు. కణితిని కళ్లారా చూసి మందు మార్చినా ఫలితం రానప్పుడు, రక్తంలోని ఒక్క జన్యువును నమ్మి మోతాదు కోయడం పిల్లాడికి అన్యాయం.

జవాబు (మాలిక్యులర్ ల్యాబ్)
ముందు ఆ 'నల్' నిజమో కాదో చూడండి. మామూలు పీసీఆర్‌లో (జన్యు ముక్కను పెంచి చూసే పరీక్ష) బ్యాండ్ (జెల్‌పై గీత) రాకపోతే నల్ అని రాసేస్తారు. డీఎన్ఏ పాడైనా, పీసీఆర్‌ను అడ్డుకునే హెపారిన్ ఉన్న ట్యూబులో రక్తం తీసినా బ్యాండ్ రాకపోవచ్చు. అదే ట్యూబులో బీటా గ్లోబిన్ లాంటి అందరిలో ఉండే జన్యువు కంట్రోల్ బ్యాండ్ వచ్చిందా అని అడగండి, జెల్ ఫొటో తెప్పించుకోండి. ఈడీటీఏ ట్యూబులో తీసిన రక్తంతో మళ్లీ చేయిస్తే మేలు. బ్యాండ్ వచ్చినా జన్యువు ఒక ప్రతి ఉందో రెండున్నాయో ఈ పద్ధతి చెప్పదు.

జవాబు (ఫార్మకాలజిస్ట్)
ఈ అబ్బాయికి అసలు గండం మెథోట్రెక్సేట్ దగ్గర. అది ఎక్కువ భాగం మారకుండానే కిడ్నీల గుండా పోతుంది. మూత్రం ఆమ్లంగా ఉంటే గొట్టాల్లో స్ఫటికాలు కట్టి కిడ్నీ మూసుకుపోతుంది. అందుకే సోడియం బైకార్బనేట్‌తో పీహెచ్ 7 పైన నిలిపాకే మందు ఎక్కించాలి, సెలైన్ రోజుకు చదరపు మీటరుకు 3 లీటర్లు. ల్యూకోవోరిన్ (విరుగుడు) మెథోట్రెక్సేట్ మొదలైన 24 గంటలకు, ఆపై 6 గంటలకోసారి. రక్తంలో స్థాయి 24 గంటలకు 10, 48కి 1, 72కి 0.1 మైక్రోమోలార్ దాటకూడదు. దాటితే ల్యూకోవోరిన్ పెంచాలి, క్రియాటినిన్ (కిడ్నీ పనికి గుర్తు) కూడా ఎగబాకితే మెథోట్రెక్సేట్‌ను ముక్కలు చేసే ఎంజైము గ్లూకార్పిడేజ్ ఆలోచించాలి.

జన్యు పరీక్షకే డబ్బు పెట్టేటట్లయితే డాక్సోరూబిసిన్ గుండె ముప్పుకు ఆర్ఏఆర్‌జీ, ఎస్ఎల్‌సీ28ఏ3, యూజీటీ1ఏ6 జన్యువులు చూడొచ్చు, కెనడా మార్గదర్శకాల్లో ఉన్నాయి. ముప్పు తేలితే ఎకో తరచుగా, గుండెను కాపాడే డెక్స్‌రాజోక్సేన్ గురించి చర్చ. సిస్‌ప్లాటిన్ చెవులను దెబ్బతీయవచ్చు కాబట్టి ప్రతి సైకిల్ ముందు వినికిడి పరీక్ష చేయించండి.

ప్రశ్నించినవారు
చార్టులో ఒమెప్రజోల్ (కడుపుమంట మందు), కోట్రైమోక్సజోల్ (యాంటీబయాటిక్) రెండూ ఉన్నాయి.

జవాబు (ఫార్మకాలజిస్ట్)
రెండూ మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని అడ్డుకుంటాయి. కనీసం రెండు రోజుల ముందే ఆపించండి, స్థాయి 0.1 కిందికి వచ్చాకే మళ్లీ. కడుపుమంటకు ఫామోటిడిన్ చాలు. నొప్పికి ఐబూప్రొఫెన్ ఇంట్లో వాడుతున్నారేమో విడిగా అడగండి, అదీ మెథోట్రెక్సేట్‌ను అడ్డుకుంటుంది, కానీ చార్టులో కనిపించదు.